మేనిచాయకు తగిన షేడు

ముఖముపై నొక చిన్న మచ్చను గాని, కన్నుల క్రింద పేరుకొన్న నలుపును గాని, మొటిమ మానిన పిదప మిగిలిన గోధుమరంగు గుర్తును గాని చూపఱుల దృష్టికి రాకుండ మఱుగుపఱచుటకై వాడు చిక్కని లేపనమే కన్సీలరు. నేడు మహానగరములలోనే గాక మండల కేంద్రములలోని ఫ్యాన్సీ దుకాణములలో సైతము అది దొరకుచున్నది. కళాశాలకు పోవు బాలికలు మొదలు బ్యాంకు ఉద్యోగినుల వఱకు దానిని ఎఱుగనివారు అరుదు. ఆ లేపనము చేయవలసిన పని ఒక్కటే: తాను కనబడకుండ, తన క్రిందిదానిని కనబడనీయకుండుట. ఇంత స్పష్టమైన ప్రయోజనము గల వస్తువును కొనునప్పుడు మనవారిలో పెక్కుమంది తమ చర్మముతో ఏకమగు షేడును వదలి, దానికంటె రెండు మెట్లు తెల్లనైన దానిని ఏరికొని, మఱుగుపడవలసిన చోటికే నలుగురి చూపును రప్పించుకొనుచున్నారు. ఇది కేవలము అలంకరణలోని పొరపాటని నేను తలంచుట లేదు. మన మేనిచాయను గూర్చి చిన్ననాటి నుండి మనకు నూరిపోసిన న్యూనతాభావమును, ఆ భావమును పెట్టుబడిగా చేసికొన్న వ్యాపారమును కలిసి మన చేత చేయించుచున్న ఎంపిక యిది. అందుచేతనే దీనిని గూర్చి ఒక దినపత్రికలో విపులముగా వ్రాయుట అవసరమని భావించితిని.

కోఠిలోని సుల్తాన్ బజారుకు పోయినను, విజయవాడ బీసెంట్ రోడ్డుకు పోయినను, చిన్న యూరి గాజుల కొట్టునకు పోయినను జరుగు తంతు ఇంచుమించు ఒక్కటే. అమ్మాయి ముఖమును ఒక్కసారి చూచి, సేల్స్ గర్ల్ అరలో నుండి లేత షేడును తీసి, “మేడం, ఇది వేసుకోండి, ఫేస్ బ్రైట్‌గా కనిపిస్తుంది” అనును. ప్రక్కనున్న తల్లి, “అవునమ్మా, కొంచెం తెల్లగా ఉన్నదే ఇవ్వు, పెళ్లిళ్లకు కూడా పనికొస్తుంది” అని తోడు పలుకును. అమ్మాయి మాటలాడక తల యూపును. ఈ మువ్వురిలో ఎవ్వరికిని దుర్బుద్ధి లేదు. అమ్మునామె తనకు నేర్పిన మాటయే చెప్పినది, తల్లి తాను పడిన మాటలు బిడ్డ పడగూడదని కోరినది. కాని ఆ సీసాను ఇంటికి తెచ్చికొని మఱునాడు ఉదయము పూసికొన్నప్పుడు, ఆ పిల్ల కన్నుల చుట్టును బూడిదరంగు వలయములు రెండు తేలి, రాత్రి నిద్రలేనిదానివలె కనబడును. అప్పుడామె నిందించుకొనునది షేడును గాదు, తన రంగును. నాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే.

చామనచాయ చర్మముపై తెల్లని షేడు పడినప్పుడు ముఖము తెల్లబడదు, బూడిదబాఱును. దీని కారణము ఆ లేపనపు కూర్పులోనే యున్నది. కన్సీలరునకు కప్పుదల నిచ్చు ప్రధాన ద్రవ్యము టైటానియం డయాక్సైడ్ అను అతి శ్వేతమైన చూర్ణము. దానికి పసుపు, ఎఱుపు, నలుపు రంగుల ఐరన్ ఆక్సైడులను వేర్వేరు పాళ్ళలో చేర్చి షేడులను సిద్ధము చేయుదురు. లేత షేడులలో శ్వేతచూర్ణపు పాలు అధికము, వర్ణపు పాలు స్వల్పము. నల్లని దానిపై తెలుపును పలుచగా పఱచినచో అది తెలుపుగా గాక నీలిబూడిదగా తోచుట చిత్రకారులెల్లరు ఎఱిగిన ధర్మము; పలకపై సుద్దను అరచేతితో రుద్దినప్పుడు కనబడు వన్నెయే ఆ వన్నె. మన చర్మమునకు మెలనిన్ ఇచ్చు గోధుమవర్ణమును, దాని అడుగున ప్రవహించు రక్తపు ఎఱుపును, వానితో కలిసిన పసిమియు, ఈ మూడును తెల్లని పొర క్రింద అణగిపోగా, జీవకళ పోయి మట్టిబొమ్మ ముఖము మిగులును. కావున తెల్లని షేడు మనకు తెలుపు నిచ్చుట లేదు సరికదా, ఉన్న కాంతిని హరించుచున్నది.

ఈ వస్తువు పుట్టుక చూచినచో దాని అసలు ధర్మము మఱింత స్పష్టమగును. న్యూయార్కునకు చెందిన లిడియా ఓలియరీ అను నామె ముఖముపై పుట్టుకతో వచ్చిన పెద్ద ఎఱ్ఱని మచ్చ యుండెను; దానిని కప్పికొనుటకై ఆమె స్వయముగా రూపొందించిన కవర్‌మార్క్ అను లేపనమునకు 1932లో పేటెంటు లభించెను. ఆమె కోరినది మఱొక జాతి స్త్రీవలె కనబడుట గాదు. మచ్చపై చర్మము, చుట్టును గల చర్మము ఒక్కటిగా కనబడుట. హాలీవుడ్ నటీనటులకు ముఖవర్ణికలు తయారుచేసి ప్రసిద్ధికెక్కిన మాక్స్ ఫాక్టర్ సంస్థ 1954లో ఎరేస్ అను పేరుతో లిప్‌స్టిక్ ఆకారపు కన్సీలరును సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చినది. అయితే ఆ కాలపు వర్ణికల కొలమానమంతయు శ్వేతజాతి చర్మము చుట్టును అల్లుకొన్నదే. వైద్యులు సైతము ఈ దృష్టికి అతీతులు కారు: హార్వర్డుకు చెందిన థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో అతినీలలోహిత కిరణ చికిత్స మోతాదును నిర్ణయించుటకై చర్మమును వర్గీకరించినప్పుడు మొదట తెల్లని చర్మమునకే నాలుగు తరగతులు ఏర్పఱుపగా, గోధుమ, నలుపు చర్మములకు అయిదవ, ఆఱవ తరగతులు తరువాత చేరినవి. సరిగా ఆ 1975 సంవత్సరముననే మన దేశమున ఫెయిర్ అండ్ లవ్లీ అను క్రీము విపణిలో ప్రవేశించినది. దాని పేరులోని మొదటి మాటను తొలగించి గ్లో అండ్ లవ్లీగా మార్చుటకు 2020 వఱకు, అనగా నలువదియైదు సంవత్సరములు పట్టినది. ఒక తరము బాలికలు తల్లులై, వారి బిడ్డలు పెద్దవారై, ఆ బిడ్డలు కూడ అదే ప్రకటనను చూచుచు పెరిగినారు.

గాయని రిహానా స్థాపించిన ఫెంటీ బ్యూటీ సంస్థ 2017లో ముఖమంతటికి పూయు ఫౌండేషను లేపనమును ఒక్కసారిగా నలువది షేడులలో తెచ్చి బయలుదేరుట ప్రపంచ విపణిలో పెద్ద మార్పునకు దారితీసినది. గాఢవర్ణపు షేడులు అమ్ముడుపోవను పాత వాదము దానితో నిలువలేకపోయినది. మన దేశపు సంస్థలు కూడ నేడు గోధుమ మొదలు గాఢమైన నలుపు వఱకు షేడులను తయారుచేయుచునే యున్నవి. కాని తయారగుట వేఱు, మన వీథిలోని అరపైకి వచ్చుట వేఱు. దుకాణదారు తెప్పించునవి లేతవే, ఎదుట పెట్టునవి లేతవే, అందుచేత అమ్ముడగునవియు లేతవే. గాఢమైనవి అడిగినవారికి, “అవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి” అను ప్రత్యుత్తరము.

మన రంగస్థలమున ముఖవర్ణికను ఎఱిగిన పూర్వులు ఈ విషయమున మనకంటె వివేకవంతులు. కూచిపూడి వారి ప్రదర్శనలలో వేషమునకు మూలముగా వాడిన హరిదళము పసుపు వన్నె గలది. నూనెదీపముల వెలుగున చామనచాయ ముఖము సజీవముగా ప్రకాశింపవలెనన్నచో ఆ చర్మములోని పసిమిని పైకి తేవలెనే కాని తెలుపుతో పూడ్చిపెట్టగూడదని వారికి అనుభవముచే తెలిసియుండెను. ఆ హరిదళము ఆర్సెనిక్ గల విషద్రవ్యము కావున దానిని నేడెవ్వరును ముఖమునకు తాకింపరాదు. వారి వర్ణజ్ఞానము మాత్రము నేటికిని గ్రాహ్యమే.

ఇక ఎంపికకు వత్తము. రంగునందు రెండు విషయములు కలవు: ఎంత గాఢము అనునది మొదటిది, ఏ అంతర్ఛాయ అనునది రెండవది. సమానమైన గాఢత గల ఇరువురు అప్పచెల్లెండ్రలో ఒకరి ముఖము పసిమి వైపు, మఱొకరిది ఎఱుపు వైపు మొగ్గియుండుట మనమెఱిగినదే. మఱి కొందఱి చర్మములో పసుపుతోపాటు ఆకుపచ్చని ఛాయ లేశముగా కలిసియుండును. వీరికి గులాబి కలిసిన షేడు ఎంత గాఢత కుదిరినను పైన అతికించినట్లే కనబడును. డబ్బాలపై వార్మ్, కూల్, న్యూట్రల్ అని వ్రాయునది ఈ అంతర్ఛాయనే. దీనిని కనుగొనుటకు మణికట్టు నరములు నీలముగా నున్నవా, ఆకుపచ్చగా నున్నవా చూడుమని పలువురు చెప్పుదురు. గోధుమవర్ణపు చర్మము గుండ చూచినప్పుడు నరములు చాలమందికి పచ్చగానే తోచును గనుక ఆ పరీక్ష మనకు అంతగా ఉపకరింపదు. బంగారము నప్పునా, వెండి నప్పునా అను పరీక్ష పుట్టినది మొదలు బంగారమునే ధరించు మనవారికి ఏమి తేల్చును? ఒక సంస్థ పెట్టిన అంకె మఱొక సంస్థ అంకెతో సరిపోలదు గనుక స్నేహితురాలి అంకెను అడిగి కొనుటయు వ్యర్థమే. ఫోను తెరపైని రంగును నమ్ముట అంతకన్న వ్యర్థము. చర్మమునకు పూసి చూచుట ఒక్కటే ప్రమాణము.

ఎక్కడ పూయవలెను? చేతి వెనుక గాదు. ఎండలో బండి నడపు చేయి ముఖముకంటె గాఢముగా నుండును. ముంజేతి లోపలి భాగమును గాదు. అది ముఖముకంటె లేత. దవుడ యెముక వెంబడి, చెంప ముగిసి మెడ మొదలగు చోట, మీకు దగ్గఱగా తోచిన షేడులు మూడు తీసికొని, ఒకదాని ప్రక్క నొకటి వేలెడు పొడవున నిలువుగీతలుగా గీయుడు. గీసి, దుకాణపు అద్దము ముందు నిలువక, గుమ్మము వఱకు నడచి, ఆకాశపు వెలుగు ముఖముపై పడునట్లు నిలిచి చూడుడు. దుకాణములోని చౌక ఎల్.ఇ.డి. దీపములలో ఎఱుపు కాంతి కొఱవడియుండుటచే సరియైన షేడు కూడ పాలిపోయి కనబడును, తప్పు షేడు ఒప్పుగా తోచును. మూడు గీతలలో ఒకటి తెల్లగా పైకి తేలును, ఒకటి మట్టివలె అడుగున కనబడును, ఒకటి ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో తెలియకుండ చర్మములో లీనమగును. ఆ మూడవదియే మీది. అయినను వెంటనే కొనవలదు. లేపనములోని తడి ఆవిరియై, చర్మపు జిడ్డుతో వర్ణద్రవ్యము కలిసినప్పుడు కొన్ని షేడులు ఒక మెట్టు గాఢమగును; కావున పది పదునైదు నిమిషములు బజారులో మఱొక పని చూచికొని వచ్చి, తిరిగి వెలుగులో చూచి, అప్పుడు పైకము చెల్లింపుడు. గీతలు మూడును చెఱపబడని మొగముతో వీథిలో నడచుటకు సిగ్గుపడవలసినదేమియు లేదు. చీరకు జాకెట్టు గుడ్డ సరిచూచికొనుటకై అంచు పట్టుకొని వెలుగులోనికి వచ్చు అలవాటు మన తల్లులకు లేదా?

మన చర్మమునకు మఱియొక విశేషము కలదు. మన ముఖమంతయు ఒక్క రంగులో నుండదు: నుదుటి అంచులు, నోటి చుట్టును, కనుబొమల మధ్య కొంత గాఢముగాను, చెంపలు కొంత లేతగాను ఉండును. బండిపై పోవునప్పుడు చున్నీని ముక్కు వఱకు చుట్టుకొను అమ్మాయిలకు నుదురును కన్నుల పట్టును మాత్రమే ఎండ తాకి, ముఖమే రెండు రంగులై యుండుటయు చూచుచున్నాము. ఆ రంగులన్నియు మీ రంగులే. కప్పదలచిన చోటు ఏదో, దానిని ఆనుకొనియున్న చర్మమునకు సరిపోవునది ఆ చోటికి తగిన షేడు. వైశాఖపు ఎండలలో కుదిరిన షేడు మార్గశిరమున కుదురకపోవుటయు సహజమే. ఒక మెట్టు తేడాలో రెండు చిన్న గొట్టములు ఉంచుకొని ఋతువును బట్టి కలిపికొనువారికి ఈ చిక్కు తీరును.

కన్నుల క్రింది నలుపు విషయమున ఒకింత నిలిచి మాటలాడవలసియున్నది, ఏలయనగా మనవారు కన్సీలరు కొనుటకు ప్రధాన కారణము అదియే. ఆ నలుపు అందఱిలోను ఒక్కటి గాదు. కొందఱికి అది వంశానుగతముగా వచ్చిన మెలనిన్; కొందఱికి అలర్జీ దురదచే కన్నులను నలుపుట వలన పెరిగినది; కొందఱికి అచ్చటి చర్మము పలుచనై లోని రక్తనాళములు నీలముగా కనబడుట; వయసు మీఱినవారికి తఱచుగా అది రంగే గాదు, కన్ను క్రింది గుంట పఱచిన నీడ. నీడను ఏ షేడును కప్పజాలదు, తలపై దీపము వెలిగినంతసేపు అది యుండును. రంగైనచో దానిపై తిన్నగా లేత షేడును పూయుట బూడిదను కొనితెచ్చికొనుటయే. నీలమునకు ఎదురు వర్ణము నారింజ. కావున నలుపున్న చోట మాత్రమే నారింజవన్నె కరెక్టరును, అనగా ఎదురు వర్ణముతో రంగును అణచు లేపనమును, ఉంగరపు వేలితో, బియ్యపుగింజంత తీసికొని పలుచగా అద్ది, అది ఆరిన పిదప మీ చర్మపు షేడులోని కన్సీలరును దానిపై అంతకన్న పలుచగా అద్దవలెను. లేతచాయ వారికి పీచ్ వన్నె చాలును, గాఢవర్ణము వారికి ఇటుకరంగు వఱకు పోవలసియుండును. కన్నుల క్రింద వెలుగుకొఱకు ఒక మెట్టు లేత షేడు వాడవచ్చునను సంప్రదాయమును నేను కాదనను; కాని అది క్రింద కరెక్టరు ఉన్నప్పుడు, అంతర్ఛాయ మారనప్పుడు, ఒక్క మెట్టు మాత్రమే. రెండవ మెట్టు ఎక్కితిరా, వలయములు తేలును.

మొటిమకు ఆ సడలింపు కూడ లేదు. లేతరంగు వస్తువును ముందునకు తెచ్చి చూపును, గాఢవర్ణము వెనుకకు నెట్టును. పొంగియున్న మొటిమపై తెల్లని చుక్క పెట్టినచో అది మఱింత ఉబ్బినట్లు తోచును. దానికి చర్మముతో తుల్యమైన షేడే కావలెను. ఎఱుపును అణచుటకు ఆకుపచ్చ కరెక్టరు వాడుమను సలహా తెల్లని చర్మమునకై పుట్టినది. గాఢమైన గోధుమవర్ణముపై అది పాచిరంగును మిగుల్చును. మనకు మొటిమల ఎఱుపుకంటె అవి మానిన పిదప నిలిచిపోవు నల్లమచ్చలే పెద్ద సమస్య. వానికి పసిమి గల సరిసమానపు షేడు చాలును.

పెండ్లికుమార్తెల అలంకరణ గూర్చి ఒక మాట. రాత్రి ముహూర్తమునకు పందిటి దీపముల క్రింద తెలుపు నప్పునని ఎంచి, వధువు ముఖమును రెండు మూడు మెట్లు తెల్లగా తీర్చి, మెడను, చెవులను, మంగళసూత్రము కట్టించుకొనుటకై వంచిన వీపు పైభాగమును వాని సహజవర్ణమునకే వదలుట తఱచుగా కనబడుచున్నది. కెమెరా ఫ్లాషు వెలిగినప్పుడు టైటానియం, జింకు గల ఆ తెల్లని లేపనము కాంతిని తిరుగగొట్టి ముఖమును మఱింత తెల్లగా చూపును. నాలుగు తరముల వారు చూచుకొనవలసిన ఆల్బములో ముఖమొక రంగు, కంఠమొక రంగు. ఆ పిల్లను చూచి మనసుపడి వచ్చినవాడు, ఆమెను పెంచిన తల్లి, ఆడుకొన్న చెల్లెలు ఎఱిగిన ముఖము ఆ చిత్రములలో లేదు. మేకప్ చేయు వారిని ముందుగా ఒకనాడు పిలిచి, పగటి వెలుగున షేడు సరిచూపించి, మెడకు కూడ అదే పూయవలెనని అడుగు హక్కు వధువునకు కలదు. పెద్దలు, “ఈ ఒక్కరోజుకు తెల్లగా కనబడితే ఏమమ్మా” అని అడ్డువచ్చినచో, ఆ యింట ఎవరైనను ఒకరు ఆమె పక్షమున మాటలాడవలెను.

తుదకు దుకాణదారులకును, సంస్థలకును నా విన్నపములు కొన్ని కలవు, అవి అసాధ్యములు గావు. గాఢవర్ణపు షేడులను క్రింది అర నుండి తీసి లేతవాని ప్రక్కనే వరుసలో నిలుపవలెను. ప్రతి షేడునకు తెఱచిన టెస్టరును, పారవైచుటకు వీలగు దూదిపుల్లలను ఉంచవలెను. కంటిదగ్గఱ పూయు వస్తువు గనుక ఒకరు ముట్టించినది మఱొకరికి అంటింపరాదు. గుమ్మము ప్రక్క, సూర్యకాంతి పడుచోట, ఒక చేతి అద్దమును వ్రేలాడదీయవలెను. పూర్తి గొట్టమును కొనలేని విద్యార్థినికై సంస్థలు షాంపూవలెనే చిన్న పొట్లములలో రెండు మూడు షేడులను కలిపి ఈయవలెను. ఇక అమ్ము అమ్మాయిలకు శిక్షణ ఇచ్చువారు, కొనవచ్చినవారి ముఖమునకు ఏ షేడు తెల్లదనము నిచ్చునో గాక, ఏ షేడు కనబడకుండ పోవునో చూచి చెప్పుటను నేర్పవలెను. అట్టి అమ్మాయి ఒక్కతె యున్న కొట్టునకు, వీథి చివరనున్నను, కొనువారు వెదకికొని పోవుదురు.